ఎనిమిది సాంచల ప్యాచ్

కరెంటు పోయింది. బూమయ్య నడిపే ఎనిమిది సాంచలు ఒకదాని వెనక ఒకటి మూలిగి నిలిచిపోయాయి. ఐదో సాంచకూ ఆరో సాంచకూ నడుమ సందులో బూమయ్య కూడా నిలిచిపోయాడు. ఎడమ మడమ గాలిలోనే ఉంది. చేతిలో దారం కండె అట్లాగే ఉంది.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. కరెంటు పోతే సాంచల కార్మికులకు అదే విశ్రాంతి. అందరూ బీడీలు ముట్టించుకోవడానికి బయటకు నడిచారు. షెడ్డు ఆసామి వెంకటరాజం గుమ్మంలో నిలబడి కదలని మనిషిని చూసి నవ్వాడు.

"సూడుండ్రి, మా బూమన్నకు సుత కరెంటు కనెక్షనే. మీటరు ఏడ వెట్టుకున్నడో దేవులాడాలె."

అన్నం గిన్నె తెచ్చిన నవనీత ఆ మాట విని తలెత్తలేదు. తండ్రి కాళ్ళనే చూస్తూ నిలబడింది. వణుకుడు జబ్బు మొదలై మూడేళ్ళు. అడుగు వెయ్యమని కాలికి చెప్పడం మెదడు మరచిపోతుందని డాక్టరు అన్నాడు. ఇంట్లో గడప దాటడానికి బూమయ్యకు పావుగంట పట్టేది. అదే మనిషి ఈ సాంచల నడుమ పొద్దంతా తిరుగుతూ తెగిన దారాలు ముడివేస్తాడు. ఇది ఎవరికీ వింతగా తోచలేదు. అలవాటైన పని కదా అనుకున్నారు.

అరగంటకు కరెంటు వచ్చింది. ఒకటో సాంచ కదిలింది, రెండోది కదిలింది. ఎనిమిదోది అందుకోగానే బూమయ్య మడమ నేలకు దిగింది. ఆగిన చోటి నుంచే అడుగు సాగింది.

నవనీత గిన్నె అక్కడే పెట్టి మైక్‌సెట్ దుకాణానికి వెళ్ళిపోయింది. ఆమె పని అక్కడే. ఊరి సర్కారు బడిలో పది చదివి, ఇంటరు సగంలో ఆపేసి, కాలిన ఆంప్లిఫయర్లు బాగుచేయడం నేర్చుకుంది. ఆమెకు ఇంకో లోకం కూడా ఉంది. గిలక అనే చిన్న ఇనుప పెట్టె అది. అరచేతి పొడుగు, పైన ఎనిమిది నాబులు, పక్కన వేగానికి ఇంకొకటి, కింద నాలుగు మీటలు. దాని తయారీ పటం ఎవరో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. భాగాలు కొనుక్కుని, ఎవరికి వారు టంకం పెట్టి అతికించుకోవచ్చు. గిలకకు సొంతంగా ఏ శబ్దమూ రాదు. ఏ మోత, ఎంత ఎత్తున, ఎంత ఎడంతో పుట్టాలో రాసి దానిలోకి ఎక్కించాలి. ఆ రాతను ప్యాచ్ అంటారు. రాసేవాళ్ళంతా ఇంటర్నెట్టులో 'దరువుల గంప' అని ఒక గుంపు కట్టుకున్నారు. గంపకు మూడే నియమాలు. అడక్కుండా తీసుకో. మార్చింది దాచకు. మొదట చేసినవాళ్ళ పేరు చెరపకు.

నవనీత అప్పటికి పంతొమ్మిది ప్యాచ్‌లు గంపలో వేసింది. రోకటిపోటు, ఆటో ఇంజను, రేకుల మీద వడగళ్ళు. ఎవరెవరో వాటిని పాటల్లో వాడుకునేవారు. ఆమెకు అది చాలు.

ముందుగా సాంచల మోతను ఫోన్‌లో రికార్డు చేసి ఇంట్లో తండ్రికి వినిపించింది. గడప ముందు బూమయ్య కదల్లేదు.

"ఏందే, ఇంట్ల సుత డ్యూటీ ఎక్కిస్తున్నవ?" అన్నాడు. నవ్వాడు కూడా. కాలు మాత్రం లేవలేదు.

మూడు రోజులు దుకాణానికి సెలవు పెట్టి షెడ్డులో మూలన కూర్చుంది నవనీత. తండ్రి పాదాలనే చూసింది. ప్రతి సాంచలో అడ్డదారం మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఎనిమిది నాడెలకు ఎనిమిది నడకలు. ఒకటి వెంట్రుకవాసి ముందు, ఇంకొకటి వెంట్రుకవాసి వెనక. ఎప్పుడో ఒకసారి అవన్నీ ఒకే దెబ్బగా కలుస్తాయి, మళ్ళీ విడిపోతాయి. కలిసిన దెబ్బకే తండ్రి అడుగు పడుతోంది. పెన్సిలుతో గీతలు గీసి లెక్క చూసింది. నూటికి నూరు సార్లు. ఫోన్‌లోని మైకు ఆ వెంట్రుకవాసి తేడాలను పట్టలేక మోతనంతా ముద్ద చేసేసింది. అందుకే అది పనిచేయలేదు.

గిలక ఆ తేడాలను పట్టగలదు. నాబుకు ఒక సాంచ చొప్పున ఎనిమిది దెబ్బలు రాసింది. అవి తొందరగా కలిసేలా కాస్త సర్దింది. పెట్టెకు బొటనవేలంత స్పీకరు బిగించి, తండ్రి మొలతాడుకు కట్టి, మీట నొక్కింది.

బూమయ్య గడప దాటాడు. వాకిట్లోకి నడిచాడు. బోరింగు దాకా వెళ్ళి, తిరిగి వచ్చాడు. నవనీత అన్న తిరుపతి తింటున్న పళ్ళెం ముందు నుంచి లేచాడు. వదిన స్వప్న చాట కింద పెట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నాయినా, జర మెల్లగ," అన్నాడు తిరుపతి.

"మెల్లగ ఎందుకురా. మీ అవ్వ ఉంటే ఇయ్యాల నా ఎంబడి ఉరుకుతుండె," అన్నాడు బూమయ్య పోయిన భార్యను తలచుకుని. గేటు తీసుకుని వీధిలోకి పోయాడు.

ఆ సాయంత్రమే నవనీత ప్యాచ్‌ను గంపలో వేసింది. పైన నియమం ప్రకారం రాసింది: 'మూలం: అడెపు నవనీత, సిరిసిల్ల.' కింద ఒక వాక్యం: 'అడుగు మరచిపోయినవాళ్ళ కోసం. ఎవరైనా వాడుకోవచ్చు.'

నెల తిరిగేసరికి పాటలు కట్టేవాళ్ళ కంటే ఇళ్ళవాళ్ళే గంపలో ఎక్కువయ్యారు. మా అమ్మ స్నానాల గది దాకా నడిచిందని ఒకరు, మా తాత బస్సెక్కాడని ఒకరు వీడియోలు పెట్టేవారు. తణుకు నుంచి వరలక్ష్మి అనే ఆవిడ మాటల సందేశం పంపింది.

"ఏవండీ నవనీతగారూ, మీ పుణ్యమాని మా మావగారు నడుస్తున్నారండి. నడవడం కాదండీ బాబూ, ఆగట్లేదు. నిన్న కాలవగట్టు దాకా వెళ్ళిపోయారు. ఇంకో నాలుగడుగులైతే నీళ్ళల్లోనే. ఆపే మార్గం ఏదైనా ఉంటే పెడుదురూ."

నవనీత కూడా గమనించింది. మీట ఆపేసి మోత లేకుండా చేస్తే తండ్రి తూలి ముందుకు పడుతున్నాడు. కాలు ఆగినా ఒళ్ళు ఆగడం లేదు. ఒకసారి నుదురు చిట్లింది. పడకుండా నిలపాలి.

ఆమెకు దారి సాంచల దగ్గరే దొరికింది. దారం తెగితే కార్మికుడు ఒక్క సాంచనే ఆపుతాడు, తక్కిన ఏడూ ఆడుతూనే ఉంటాయి. ఎనిమిదో నాబును కొంచెం తిప్పితే ఆ ఒక్క దెబ్బ శాశ్వతంగా వెనకబడేలా రాసింది. ఇక ఎనిమిదీ ఎప్పటికీ కలవవు. కలయిక కోసం కాలు కాచుకుని ఉంటుంది. మోత ఆగలేదు గనక మనిషి పడడు. తండ్రి మీద చూసింది. బూమయ్య చెట్టులా నిలిచాడు. నాబు వెనక్కి తిప్పగానే నడిచాడు.

"ఎట్లనిపించింది నాయినా?"

"ఏమో బిడ్డ. ఎవలో పిలుస్తరని నిలవడ్డట్టు ఉన్నది. పిలుస్తలేరు."

ఆ మాట ఆమె మనసులో ఒక క్షణం ఆగింది. అప్పటికే వరలక్ష్మి రెండోసారి సందేశం పంపింది. నవనీత కొత్త ప్యాచ్‌ను గంపలో వేసింది. దానికి 'నిలుపు' అని పేరు పెట్టింది.

నూరు రోజులు దాటాక ఒక పొద్దున స్పీకరు తీగ తెగింది. మంచం మీద బూమయ్య కళ్ళు తెరిచి ఉన్నాడు. కాళ్ళే కాదు, చేతులు లేవలేదు. పెదవి కదలలేదు. నవనీత తీగ అతికించింది. ఎనిమిది దెబ్బలు మొదలయ్యాక తండ్రి ఊపిరి గట్టిగా పీల్చుకుని, "నీళ్ళు" అన్నాడు. గంపలో అడిగితే అందరి ఇళ్ళలోనూ అదే సంగతి. మోతకు అలవాటుపడ్డ ఒళ్ళు సొంత కదలికను విడిచిపెట్టింది. మోత లేకపోయినా, 'నిలుపు' తిప్పినా మనిషి మొత్తం ఆగిపోతాడు. చూపు ఉంటుంది, వినికిడి ఉంటుంది, అంతే.

ఈ సంగతి ఆమె భయపడుతూ రాసింది. చదివినవాళ్ళలో చాలామంది భయపడలేదు.

ఒక మధ్యాహ్నం దుకాణంలో కరెంటు లేక నవనీత తొందరగా ఇంటికి వచ్చింది. పెరట్లో ఎండలో తండ్రి గోడ వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నాడు. నడుముకు కట్టిన పెట్టె టకటకలాడుతోంది. ఏదో అందుకోబోయి కుడిచేయి ముందుకు చాపినట్టున్నాడు. ఆ చేతి మీద తడి లంగా, రెండు తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. పంచె తడిసి కాళ్ళ మధ్య నేల చిత్తడిగా ఉంది. ఈగలు ముఖం మీద వాలుతున్నాయి.

ఆమె నాబు తిప్పింది. బూమయ్య చేయి దించాడు. తువ్వాళ్ళు కిందపడ్డాయి. వాటిని వంగి ఏరి, మట్టి దులిపి, తీగ మీద వేశాడు.

"వదినె, ఎప్పటిసంది నిలవెట్టినవ్?"

స్వప్న కూర తరుగుతూనే జవాబు చెప్పింది. "పొద్దుగాల్ల. రోజూ పన్నెండు సార్లు చాయ అడుగుతడు. బియ్యంల రాళ్ళున్నయంటడు, నా నడక బాగలేదంటడు. నువ్వు పొద్దంత దుకాన్ల ఉంటవ్. నేను గదా ఇనేది."

"ఎండ సూడవా? బట్టలు ఆరేస్తవా మనిషి మీద?"

"తీగ నిండింది," అంది స్వప్న. తల దించుకుని, "మొదటి రోజు నాగ్గూడ ఏడుపచ్చింది. తర్వాత అలవాటైంది," అంది.

తిరుపతి వాడకం వేరు. పని మాని ఇంట్లో ఉంటున్న బూమయ్యను వెంకటరాజం స్వయంగా వచ్చి మళ్ళీ పనిలోకి పిలిచాడు. గంపలో ఎవరో వేగం పెంచిన ప్యాచ్ చేశారు, అది ఎక్కించారు. బూమయ్య పన్నెండు సాంచల నడుమ తిరిగాడు.

"ఇరవై ఏండ్ల పోరగాడు సుత నడపడు చెల్లె. మా నాయిన నడుపుతుండు," అన్నాడు తిరుపతి మెచ్చుకోలుగా.

వారం తర్వాత నవనీత షెడ్డుకు వెళ్ళేసరికి సందులో నేల మీద ఎర్రటి అచ్చులు ఉన్నాయి. అరికాళ్ళు పగిలి నెత్తురు కారుతున్నా బూమయ్య నడుస్తున్నాడు. ఎనిమిదో నాబును విప్పి వెంకటరాజం జేబులో వేసుకున్నాడు.

"ఊకూకె నిలవడుతుండు గదా, అందుకే తీసిన. పొద్దుమీకితే ఇస్త," అన్నాడు.

తండ్రి ఆమె ముందు నుంచి రెండుసార్లు పోయాడు. రెండోసారి మెడ తిప్పకుండానే, "బిడ్డా, జర నన్ను ఆపు" అన్నాడు.

ఆరోజే ఆమె నాబు గుంజుకుని, తండ్రిని తీసుకుని, మైక్‌సెట్ దుకాణం వెనక గదికి మారింది.

అక్కడి నుంచి గంప తెరిచి చూసింది. ఆమె ప్యాచ్‌కు నూట ముప్పై రూపాలు పుట్టాయి. 'కుర్చీ నిలుపు.' 'చుట్టాలొచ్చినప్పుడు.' 'అత్తగారి ఉపవాసం.' ఒకాయన తన తల్లిని పొద్దున నిలిపి ఆఫీసుకు పోయి సాయంత్రం వచ్చి తిప్పుతున్నానని, దోమతెర కప్పితే మంచిదని సలహా రాశాడు. దాని కింద ఎనభై మంది మెచ్చుకున్నారు. ఎవరూ ఏ నియమమూ తప్పలేదు. ఏదీ దాచలేదు. ప్రతి రూపం పైనా శ్రద్ధగా రాసి ఉంది: మూలం, అడెపు నవనీత, సిరిసిల్ల.

నిలుపు లేని ప్యాచ్ రాసి, పాతది తీసేయండని ఆమె అందరినీ అడిగింది. వరలక్ష్మి ఫోన్ చేసింది.

"మీరు పెట్టినదాన్ని మీరే తీసెయ్యమంటే ఎలాగండీ. గంపలో పడ్డాక అందరిదీ అనేగా నియమం. మా మావగారిని కాలవలో వదిలెయ్యమంటారా?"

"మీ మామగారిని రోజుకు ఎంతసేపు నిలుపుతున్నరు?"

ఫోన్‌లో కుక్కర్ కూత వినిపించింది. "వంటయ్యేదాకానండి," అంది వరలక్ష్మి. "మరి... సీరియలు అయ్యేదాకా."

నిలుపు లేని ప్యాచ్‌ను తీసుకున్నవాళ్ళు నలుగురే.

ఒళ్ళు మళ్ళీ సొంతంగా నేర్చుకుంటుందేమోనని నవనీత పెట్టె తీసి చూసింది. మూడు రోజులు కాళ్ళూ చేతులూ మర్దన చేసింది, చెవిలో పేరు పెట్టి పిలిచింది. నాలుగో రోజు గంజి గొంతులో దిగక ఊపిరితిత్తుల్లోకి పోయి బూమయ్య ముఖం నల్లబడింది. మళ్ళీ పెట్టె కట్టింది.

కట్టి, ఒక ఒట్టు పెట్టుకుంది. "నాయినా, ఇగ నాబు నీ చేతులనే ఉంటది. నేను ముట్ట. నీకు నడువబుద్ధైతె నడువు, ఆగబుద్ధైతె ఆగు."

బూమయ్య నాబును వేళ్ళతో తడిమాడు. చాలాసేపు తడిమాడు. అప్పటిదాకా ఆయన ఒంటిని ఎవరూ ఆయన చేతికి ఇవ్వలేదు. గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు, కూతురు వైపు తిరిగి మంచం అంచున కూర్చున్నాడు. నాబు ఎడమకు తిప్పాడు. నిలిచిపోయాడు.

మొదట ఆమె అర్థం చేసుకోలేదు. ఆగడం ఆయన చేతిలో ఉంది. తిరిగి కదలడం ఆయన చేతిలో లేదు. ఆగిన చేయి నాబు తిప్పదు. కాసేపు చూసి, ఒట్టు పక్కన పెట్టి, తానే తిప్పింది.

"ఎందుకు లేపినవ్?"

"తినాలె గద నాయినా. పొద్దెక్కింది."

"ఆకలి నాకు గాదు, గా డబ్బకైతుంది." బూమయ్య గొంతు మామూలుగానే ఉంది. "నలభై ఏండ్లు సాంచల నడుమ తిరిగిన. కరెంటు పోయినప్పుడే గదా మేం కూసున్నది. నన్ను గట్లుండనియ్యి."

"గట్లుంటె సచ్చిపోతవ్."

"తెల్వదా నాకు."

మర్నాడు దుకాణం నుంచి వచ్చేసరికి మళ్ళీ నిలిచి ఉన్నాడు. ఆ మర్నాడూ అంతే. ఆమె తిప్పేది, ఆయన అన్నం ముద్ద ముట్టకుండా నాబు వెతుక్కునేవాడు. వారంలో బుగ్గలు లోపలికి పోయాయి. ఒకసారి ఆమె రెండు గంటలు ఆలస్యమైంది. ఉమ్మి గొంతులో చేరి, పెదాలు నీలంగా ఉన్నాయి.

అదే వారం గంపలో అవే మాటలు మొదలయ్యాయి. మా నాన్న తనే ఆపేసుకుంటున్నాడు. మా నానమ్మ నేను పక్కకు పోగానే తిప్పేసుకుంది, వచ్చేసరికి లేదు. వరలక్ష్మి ఏడుస్తూ మాట్లాడింది. "వంటింట్లోకి ఇలా వెళ్ళొచ్చేసరికి తిప్పేసుకున్నారండి. నా వైపు చూస్తూనే తిప్పుకున్నారు. నేనేం అన్నానని. ఏదో ఒకటి చేయండి, మీకే తెలుసు."

నవనీత ఆ ఆదివారం తలుపు వేసుకుని కూర్చుంది. రాయడం కష్టమేమీ కాలేదు. ఎనిమిదో నాబు తిప్పినా పెట్టె వినదు, అంతే. నాలుగు మీటలు ఒక వరసలో నొక్కితేనే వింటుంది. ఆ వరస ఇంట్లోవాళ్ళు పెట్టుకోవచ్చు. ఒంటికి కట్టిన పెట్టె ఆ ఒంటి మాట వినకుండా చేసింది.

బూమయ్య మంచం మీద నుంచి చూస్తున్నాడు. "ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

ప్యాచ్ ఎక్కించి, పెట్టెను తిరిగి నడుముకు కట్టింది. ఆయన చేయి అలవాటుగా నాబు మీదకు పోయింది. ఎడమకు తిప్పాడు. ఎనిమిది దెబ్బలూ కలుస్తూ, విడిపోతూ సాగాయి. మళ్ళీ తిప్పాడు. నాబు వేళ్ళ మధ్య ఊరికే గిర్రున తిరిగింది. పెట్టెను లాగబోయాడు. దాన్ని ఆమె వెనకవైపు ముడివేసింది. తెచ్చిన కొత్త తాడు గట్టిది.

బూమయ్య కూతురు ముఖంలోకి చూశాడు. వెంకటరాజాన్ని గానీ కోడలిని గానీ అట్లా చూడగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నిన్ను సంపుకోలేను నాయినా," అంది.

మాట్లాడటం ఒక్కటి ఆయన చేతిలో మిగిలింది, దాన్ని ఆపేశాడు.

బియ్యం పొయ్యి మీద పెట్టి ఆమె గంప తెరిచింది. ఇన్నాళ్ళూ అందరినీ తప్పు పట్టింది. ఇది దాచుకుంటే తన తండ్రి ఒక్కడే బతుకుతాడు. వేస్తే అందరూ బతుకుతారు. ఎట్లా బతుకుతారో ఆమెకు తెలుసు. వరలక్ష్మి పేరు తెర మీద మళ్ళీ మెరిసింది. నవనీత తన పేరు పైన రాసి, ప్యాచ్‌ను వేసింది. అన్నం ఉడికేసరికి దాన్ని మూడు వందల మంది తీసుకున్నారు. కృతజ్ఞతలు వరసగా వచ్చి పడుతున్నాయి.

పళ్ళెంలో అన్నం కలిపి తండ్రి ఎదుట కూర్చుంది. ఆయన నోరు బిగించాడు. ఆమె ముద్ద పట్టుకుని ఆగింది. నూరు రోజుల పైగా ఆయన దవడలు కూడా ఆ మోతకే మసలుతున్నాయని ఆమెకు తెలుసు. వేగం నాబును కాస్త తిప్పింది. ఎనిమిది దెబ్బలు దగ్గరపడి, ఒకటిగా కలిశాయి. బూమయ్య నోరు తెరుచుకుంది. ఆమె ముద్ద పెట్టింది. దవడ నమిలింది, గొంతు మింగింది. మళ్ళీ కలిశాయి. మళ్ళీ తెరుచుకుంది.

కళ్ళు మాత్రం గట్టిగా మూసుకునే ఉన్నాడు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఆమె తినిపించింది.